ఒక ఇల్లు, నాలుగు పథ్యాలు, ఒకే వంట: తక్కువ ఖర్చులో రాత్రి భోజనానికి ప్రణాళిక

ఇంట్లో ఒకరికి షుగరు, ఇంకొకరికి బీపీ అని తేలిన మర్నాటి నుంచే చాలా ఇళ్లలో రాత్రిపూట మూడు రకాల వంట మొదలవుతుంది. తాతయ్యకు పుల్కాలు, నాయనమ్మకు ఉప్పులేని చప్పిడి కూర, మిగతా వాళ్లకు మామూలు భోజనం. గ్యాసు ఖర్చు పెరుగుతుంది, కూరగాయలు సగం సగం మిగిలి పాడవుతాయి, వండే మనిషి నెల తిరిగేలోపు విసిగిపోతుంది. ఆ విసుగులోంచే బయటి నుంచి తెప్పించుకోవడం, ‘షుగరు వాళ్ల కోసం’ అని అచ్చేసిన ఖరీదైన ప్యాకెట్లు కొనడం మొదలవుతాయి.

దీనికి నేను చెప్పే మార్గం ఒకటే. వంట ఒక్కటే చేయండి, విడదీసే చోటును మాత్రం తెలుసుకోండి. అలర్జీల వంటివి తప్పిస్తే ఏ పథ్యమూ వంట మొత్తానికీ అడ్డు రాదు. ఏదో ఒక దశలోనే వస్తుంది: ఉప్పు వేసేటప్పుడో, తాలింపు దగ్గరో, అన్నం వడ్డించేటప్పుడో. ఆ దశ వరకు అందరిదీ ఒకే గిన్నె. ఆ తర్వాతే వేరు.

ఉదాహరణకు ఒక ఇంటిని తీసుకుందాం. తాతయ్యకు షుగరు. నాయనమ్మకు బీపీ, పైగా గుడ్డు, మాంసం ముట్టదు, సోమవారం, శనివారం ఉల్లి వెల్లుల్లి తినదు. ఎనిమిదేళ్ల పాపకు గోధుమ పడదు, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పేగును దెబ్బతీసే జబ్బు) అని డాక్టరు తేల్చారు. అమ్మకూ నాన్నకూ పథ్యాలేమీ లేవు కానీ సాయంత్రం ఇల్లు చేరేసరికి ఓపిక ఉండదు. దాన్నీ పథ్యాల లెక్కలోనే రాసుకోవాలి.

మొదటి అడుగు: పథ్యాలను మూడు వరసలుగా రాయండి

ఒక కాగితం మీద ఎవరికి ఏది పడదో రాయండి. పేర్ల వారీగా కాకుండా, తప్పితే ఏమవుతుందన్న దాన్నిబట్టి రాయండి.

మొదటి వరసలో పొరపాటు అసలు జరగకూడనివి: పల్లీల అలర్జీ, పాల అలర్జీ, సీలియాక్. ఇక్కడ ‘కొంచెమే కదా’ అనే మాట పనికిరాదు. రెండో వరసలో కొలత ముఖ్యమైనవి: షుగరుకు అన్నం, బీపీకి ఉప్పు, కొలెస్ట్రాల్‌కు నూనె. వీటిలో పదార్థానికి నిషేధం లేదు, మోతాదుకే హద్దు. మూడో వరసలో ఆచారాలు, ఇష్టాలు: కార్తీకంలో ఉల్లి మానడం, శనివారం రాత్రి ఫలహారం, పిల్లలు కారం తినకపోవడం.

ఒక్కో వరసకు పరిష్కారం ఒక్కో రకం. మొదటి వరసలోని సరుకును రాత్రి వంటలోంచి పూర్తిగా తీసేయండి. రెండో వరసను కంచం దగ్గర సర్దండి. మూడో వరసను తాలింపు దగ్గర విడదీయండి. చాలామంది దీన్ని తిరగేస్తారు. షుగరుందని అన్నం పూర్తిగా మాన్పించి, సీలియాక్ ఉన్న పిల్లకు మాత్రం ‘ఒక్క పూరీ’ పెడతారు.

రెండు సందర్భాల్లో ఈ కాగితం సరిపోదు. కిడ్నీ జబ్బు ఉంటే పప్పు, ఆకుకూర, టమాటా అన్నీ కొలిచే తినాలి, ఆ కొలత డాక్టరో డైటీషియనో చెప్పాలి. గుండె కవాటం మార్చాక వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. వాటిలోని విటమిన్ కె మాత్ర పనిని మారుస్తుంది.

రెండో అడుగు: అందరూ తినగలిగేదేమిటో చూడండి

నిషేధాల జాబితా చూస్తే ఏమీ మిగలనట్టు అనిపిస్తుంది. తిరగేసి చూస్తే మన వంటిల్లు ఈ విషయంలో చాలా అనుకూలమైనదని తెలుస్తుంది. పప్పు, ఆకుకూర, పులుసు, చారు, పెసరట్టు, ఇడ్లీ, జొన్న రొట్టె, మజ్జిగ: వీటిలో దేనికీ గోధుమ అక్కర్లేదు. గోధుమ వచ్చేది చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ ఉప్మా, సేమియా, మైదా దారుల్లో. కాబట్టి ఇలాంటి ఇంట్లో రాత్రి వంట నుంచి గోధుమను పూర్తిగా తప్పించడం తేలిక. పాప కోసం ఖరీదైన ప్రత్యేక పిండి కొనే అవసరం కూడా తప్పుతుంది.

అయితే గోధుమ దొంగదారిలో వచ్చే చోట్లు రెండున్నాయి. ఒకటి ఇంగువ. డబ్బాలో దొరికే ఇంగువ చాలావరకు అసలు ఇంగువకు పిండి, జిగురు కలిపి చేసినదే. ఆ పిండి తరచుగా గోధుమ పిండో మైదానో అవుతుంది. డబ్బా వెనక పదార్థాల వరస చదివి, బియ్యప్పిండి కలిపిన రకం తెచ్చుకోండి. రెండోది పిండి మర. గోధుమలు ఆడించిన రాళ్లలోనే మీ జొన్నలు ఆడితే, ఆ పిండి సీలియాక్ ఉన్న పాపకు పనికిరాదు. ‘ముందు కొంచెం తీసేసి మనది పడతాం’ అని మర అబ్బాయి అంటాడు, పాపం మంచి మనసుతోనే. అది చాలదు. జొన్న పిండిని ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకోండి. లేదా పాపకు ఆ రాత్రి అన్నమే పెట్టండి. చపాతీ పీట, కర్ర కూడా పాప రొట్టెకు వాడకండి. చెక్క సందుల్లో పిండి ఎంత కడిగినా మిగులుతుంది.

మూడో అడుగు: విడదీసే చోటు

ఇదే అసలు పని, కాబట్టి తోటకూర పప్పుతో దగ్గరగా చూద్దాం. ఐదుగురికి ముప్పావు గ్లాసు పప్పు. కందిపప్పు ధర ఎక్కువగా ఉన్న నెలల్లో సగం కంది, సగం పెసర వేయండి. రుచి పెద్దగా మారదు, తొందరగా ఉడుకుతుంది. కుక్కర్ అడుగు గిన్నెలో పప్పు, పసుపు, తరిగిన తోటకూర పెద్ద కట్టలు రెండు, మూడు పచ్చిమిరపకాయలు. పై గిన్నెలో బియ్యం. దాని మీద చిన్న గిన్నెలో తాతయ్యకు ముందే నాలుగైదు గంటలు నానబెట్టిన కొర్రలు, ఒకటికి రెండున్నర, మూడు రెట్ల నీళ్లతో. మూడు గిన్నెలు, ఒకే మంట. ఉప్పు ఇంకా దేంట్లోనూ వేయలేదని గుర్తుంచుకోండి.

ఆవిరి పోయాక పప్పు మెదిపి చింతపండు రసం పోసి ఒక పొంగు రానివ్వండి. ఇప్పుడు ఉప్పు. రోజుకు ఒక మనిషికి 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థా చెబుతున్నాయి. తలగొట్టిన ఒక టీ చెంచాలో ఉప్పు సుమారు 5, 6 గ్రాములు ఉంటుంది. అంటే ఐదుగురి రాత్రి భోజనం మొత్తానికి, పప్పూ కూరా మజ్జిగా కలిపి, చెంచా పైన పావు చెంచా చాలు. పప్పులో అర చెంచా వేయండి. ఇది నాయనమ్మ కోసం మాత్రమే కాదు, ఇంటిల్లిపాదికీ సరిపోయే కొలత. కాబట్టి ఇక్కడ విడదీయాల్సిన పని లేదు. చాలలేదనే నాన్న కంచంలో చిటికెడు వేసుకుంటాడు.

తర్వాత తాలింపు: ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, గోధుమ లేని ఇంగువ. పప్పులో కలిపి, నాయనమ్మకు కావలసినంత ముందు తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత పోపు గరిటెలో రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, చుక్క నూనెలో ఎర్రగా వేయించి మిగతా పప్పులో వేయండి. విడదీయడానికి పట్టింది ఒక నిమిషం. నాలుగు పథ్యాలూ తీరాయి, కడగాల్సిన గిన్నె ఒక్కటి కూడా పెరగలేదు.

గుడ్డు పులుసు చేసే రోజు కూడా ఇదే సూత్రం. సొరకాయ, ములక్కాడ వేసి పులుసు కాచండి. నాయనమ్మ వాటా తీశాకే, విడిగా ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి మిగతా పులుసులో వేయండి. పల్లీల అలర్జీ ఉన్న ఇంట్లో మాత్రం ‘ముందు తీసిపెట్టడం’ అనే పద్ధతి వద్దు. పల్లీలు వేయించిన మూకుడు, రుబ్బిన మిక్సీ జారు కూడా ప్రమాదమే. చట్నీకి పుట్నాల పప్పు చక్కగా సరిపోతుంది.

నాలుగో అడుగు: ఉప్పు తగ్గిన రుచిని ఎలా తేవాలి

చప్పిడి కూడు అంటే నాయనమ్మకే కాదు, ఎవరికీ గొంతు దిగదు. ఉప్పు తగ్గినప్పుడు పులుపు, సువాసన పెంచాలి. చివర్లో పిండిన నిమ్మకాయ, వేయించి అప్పుడే దంచిన జీలకర్ర, ధనియాలు, నేతిలో చిటపటలాడిన కరివేపాకు, ఉప్పు వేయని నువ్వుల పొడి: ఇవన్నీ నాలుకను మరిపిస్తాయి. ఉప్పును మొదట్లో కాక, దించేముందు వేస్తే తక్కువలోనే తెలుస్తుంది.

నిజానికి ఉప్పు కూరలోంచే కాదు, పక్కన ఉండేవాటిలోంచి కూడా చాలా వస్తుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు రాత్రి బల్ల మీదకు రాకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. మధ్యాహ్నం ఎప్పుడో ఒక బద్ద తిననివ్వండి. ఈ నేలమీద పుట్టి ఆవకాయ మొత్తం మానమంటే ఎవరు వింటారు? శనగలు తొందరగా ఉడకాలని వంటసోడా వేసే అలవాటుంటే మానండి. అదీ సోడియమే.

తక్కువ సోడియం ఉప్పు అని దుకాణాల్లో దొరుకుతోంది. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్. కిడ్నీ సమస్య ఉన్నవారికి, పొటాషియం పెంచే కొన్ని బీపీ మాత్రలు వాడేవారికి అది హాని చేస్తుంది. డాక్టరును అడగకుండా ఇంట్లోకి తేవద్దు.

ఐదో అడుగు: షుగరుకు సరుకు మార్చకండి, కొలత మార్చండి

చిరుధాన్యాలు ఎంత తిన్నా షుగరు పెరగదనే నమ్మకం బాగా పాతుకుపోయింది. 100 గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, జొన్నల్లోనూ 70కి దగ్గరలోనే ఉంటుంది. పీచు ఎక్కువ కాబట్టి జొన్నలు, కొర్రలు మేలే. కానీ గిన్నె నిండా కొర్రన్నం పెడితే చక్కెర పెరగక మానదు. కంచంలో సగం కూర, పావు వంతు పప్పు, పావు వంతు అన్నమో రొట్టో ఉండేలా వడ్డించండి. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో తింటే ఇంకా మంచిది.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఇంటిల్లిపాదికీ కొర్రలు కొంటే బడ్జెట్ తలకిందులవుతుంది. తాతయ్యకు రోజుకు 60 గ్రాములు చాలు, నెలకు రెండు కిలోల లోపే. మిగతా వాళ్లకు మామూలు బియ్యం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. అది వచ్చే ఇంట్లో బియ్యం మానేసి వేరేది కొనడం కంటే, మిగిలిన డబ్బును కూరగాయల మీద పెట్టడం తెలివైన పని. కొర్రలకన్నా చౌకగా కావాలంటే జొన్నలు, రాగులు చూడండి.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారికి హఠాత్తుగా అన్నం మాన్పించకండి, భోజనం ఆలస్యం చేయకండి. రాత్రి చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. అన్నం తగ్గించాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పండి.

ఆరో అడుగు: ప్రోటీన్‌కు ధర కట్టండి

కిలో ధర చూసి ఇది చౌక, అది ఖరీదు అనుకుంటాం. చూడాల్సింది పది గ్రాముల ప్రోటీన్‌కు ఎంత పడుతోందన్నది. లెక్క నేర్పడానికి ఉజ్జాయింపు ధరలు వేస్తున్నాను, మీ ఊరి ధర పెట్టి మళ్లీ చేసుకోండి. కిలో 120 రూపాయల పప్పులో సుమారు 220 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే పది గ్రాములకు ఐదున్నర రూపాయలు. ఆరు రూపాయల గుడ్డులో 6 గ్రాములు, పది గ్రాములకు పది రూపాయలు. కిలో 400 రూపాయల పనీరులో 180 గ్రాముల చొప్పున చూస్తే ఇరవై రెండు రూపాయలు. మీల్ మేకర్‌లో బరువులో సగం ప్రోటీనే. కిలో 150 అనుకుంటే పది గ్రాములకు మూడు రూపాయలు.

మీల్ మేకర్‌ను పక్కన పెడితే, ఈ లెక్కలో ముందుండేవి మన పాత గింజలే: ఉలవలు, అలసందలు, పెసలు, శనగలు. ముఖ్యంగా ఉలవలు. రాత్రి నానబెట్టి, మర్నాడు ఎక్కువ నీళ్లతో మెత్తగా ఉడికించండి. ఆ కట్టు వంచి చింతపండుతో ఉలవచారు కాచండి. మిగిలిన గింజలకు కొబ్బరి కోరు, ఎండుమిర్చి తాలింపు పెడితే గుగ్గిళ్లు. ఒక్క ఉడుకుకు రెండు వంటకాలు, పాపకు మర్నాటి బడి డబ్బాలోకి చిరుతిండి కూడా. గుంటూరు, కృష్ణా వైపు ఉలవచారు మీద వెన్న మీగడ వేసుకుంటారు. నాన్న వేసుకోవచ్చు.

ఏడో అడుగు: వారం కాగితంలో ఖాళీలు వదలండి

వారం మొత్తానికీ కూరల పేర్లు ముందే రాసుకోవడం నాకు నచ్చదు. బెండకాయ వేపుడు అని రాసుకున్న రోజున బెండకాయ ధర మండిపోతుంది, అయినా కొంటాం. పేరు కాకుండా రకం రాయండి: ‘ఒక ఆకుకూర’, ‘ఒక నీటి కాయ’, ‘ఒక గింజ’. నీటి కాయ అంటే బీర, సొర, పొట్ల, దోస ఏదైనా సరే. ఆ రోజు రైతుబజారు బోర్డు మీద ఏది తక్కువుంటే అది ఖాళీలోకి వస్తుంది. ఆకుకూరలు పొద్దున్నే తెచ్చుకోండి. కాయలు సాయంత్రం మూసేవేళ చౌకగా దొరుకుతాయి.

మన ఇంటి వారం ఇలా ఉండవచ్చు. సోమవారం పైన చెప్పిన ఆకుకూర పప్పు. మంగళవారం పెసరట్టు, అల్లం పచ్చడి. పెసరట్టును మించిన పథ్యపు వంట లేదని నా అభిప్రాయం. గోధుమ లేదు, ప్రోటీన్ నిండుగా ఉంది, తాతయ్య రెండు తిన్నా భయం లేదు. పచ్చడిలో బెల్లం తగ్గించండి, అది వేసేముందే తాతయ్యకు వేరే తీయండి. బుధవారం జొన్న రొట్టెలు, వంకాయ కూర. గురువారం గుడ్డు పులుసు. శుక్రవారం ఉలవచారు.

శనివారం రాత్రి నాయనమ్మకు ఫలహారం. ఇక్కడే చాలా ఇళ్లు బొంబాయి రవ్వ ఉప్మా వండి పాపకు వేరే ఏదో వెతుక్కుంటాయి. అంతకంటే పాతదీ మంచిదీ ఉప్పుడు పిండి: బియ్యపు రవ్వ, నానిన పెసరపప్పు, అల్లం, జీలకర్ర, మిరియాలు. ఉల్లి లేదు, గోధుమ లేదు. రవ్వను ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవచ్చు. తాతయ్యకు అదే తాలింపులో బియ్యపు రవ్వ బదులు జొన్న రవ్వ, క్యారెట్, బీన్స్ ఎక్కువగా వేసి చిన్న మూకుడులో చేయండి. వారంలో ఇదొక్కటే రెండు మూకుళ్ల రాత్రి. ఆదివారం మీల్ మేకర్ కూరో, చికెనో. చికెన్ అయితే అరకిలోకు గోంగూర కలిపి వండండి, ఐదుగురున్న ఇంట్లో తినే నలుగురికీ వస్తుంది. ఆ గోంగూరలోంచే ముందు కొంత తీసి నాయనమ్మకు పప్పు చేయండి.

పాలు పడని వాళ్లుంటే కాస్త ఆగి చూడండి. పాలలోని లాక్టోజ్ అరగని చాలామందికి పెరుగు, మజ్జిగ కొంత మోతాదులో ఇబ్బంది పెట్టవు. పాల అలర్జీ అయితే వేరు, అది మొదటి వరసలోది.

ఎనిమిదో అడుగు: అలసిన రోజుకు ముందే జవాబు

బడ్జెట్టూ పథ్యమూ రెండూ తప్పేది ఒకే రోజున: ఇంటికి ఎనిమిదింటికి చేరి, ఏమీ కోసిలేని రోజు. ఆదివారం అరగంట కేటాయించి శనగలో అలసందలో ఉప్పు లేకుండా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు రోజులు నిలుస్తాయి. ఉప్పు లేకుండా ఎందుకంటే, అప్పుడే అవి ఎవరి కూరలోకైనా పనికొస్తాయి. దోసె పిండి, పెసరట్టు పిండి కూడా అంతే.

అదీ లేకపోతే పెసరపప్పు పులగం. బియ్యం ఒక వంతు, పెసరపప్పు ఒక వంతు, చేతికందిన కూరగాయలు, మిరియాలు, జీలకర్ర, అల్లం. కుక్కర్లో పావుగంట. పప్పు సమానంగా ఉంది కాబట్టి తాతయ్య కొలిచి తినవచ్చు, పక్కన కీర ముక్కలు ఎక్కువ పెట్టండి. పాపకు ఒక చెంచా నెయ్యి, నాయనమ్మకు నిమ్మరసం, నాన్నకు ఉల్లిపాయ ముక్కలు. ఈ పులగానికి సరిపడా బియ్యం, పప్పు ఒకే డబ్బాలో ముందే కలిపి, మీద ‘ఐదుగురికి’ అని రాసి పెట్టుకోండి. వండాల్సిన రోజు కొలిచే ఓపిక కూడా ఉండదు.